తెనాలి దారిలో సత్యభామ

మాఘమాసం. కుప్పనూర్పిళ్ళు అయిపోయాయి. గాదెల్లో ధాన్యం చేరింది, కౌళ్ళు చెల్లాయి. 1930ల నాటి ఒక సాయంత్రం మీరు పిట్టలవానిపాలెంలో బండెక్కుతున్నారనుకోండి. బండిలో వరిగడ్డి దళసరిగా పరిచి పైన బొంత వేశారు. మీ పక్కన మేనత్త, ఆవిడ ఒళ్ళో పులిహోర తపేలా. నొగల దగ్గర కూర్చుని మీ బాబాయి ఎడ్ల తోకలు మెలిపెడుతున్నాడు.

"ఒరే తమ్ముడూ, కాస్త అదిలించరా వాటిని. నిడుబ్రోల్లో రైలు తప్పిందంటే తెల్లవార్లూ స్టేషన్లో దోమలు తోలుకోవాలి."

"తప్పదులే అక్కా. ఇవాళ రైల్లో సగంమంది స్థానం నరసింహారావు నాటకానికి పోయేవాళ్ళే."

ఊరు దాటగానే రెండువైపులా మళ్ళు. వరి కోసిన మోళ్ళ మధ్య మినుము పచ్చగా లేచింది. పక్కనే చందోలు. పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడులు రాజధాని చేసుకుని ఏలిన ఊరు. ఆ రాజులు పోయారు, గుళ్ళు మిగిలాయి. అత్త అటు తిరిగి ఓ దండం పెట్టుకుని, కొంగున కట్టిన డబ్బులు మరోసారి తడిమి చూసుకుంది. ఆ డబ్బులు ఆవిడ కొంగులోకి చేరడానికి అసలు కారణం 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు లేచిన ఆనకట్ట. ఆ నీళ్ళు సీతానగరం నుంచి పడమటి కాలువలో పారి దుగ్గిరాల దగ్గర చీలుతాయి. ఒక పాయ కొమ్మమూరు కాలువ, ఒక పాయ నిజాంపట్నం కాలువ. అలా చీలి సముద్రం అంచుదాకా మెట్టను మాగాణి చేశాయి. మాగాణి వచ్చాక చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ మిగులుతోనే ఊళ్ళోకి హార్మోనియం వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఇన్ని నాటక సమాజాలు ఎందుకు పుట్టాయని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది నీళ్ళ సంగతే.

నిడుబ్రోలు స్టేషన్లో మూడో తరగతి పెట్టె ఇసకేస్తే రాలనట్టుంది. మోదుకూరులో ఇంకొంతమంది, చుండూరులో ఇంకొంతమంది. కిటికీ పక్కన ఒకాయన చింతామణిలో పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తున్నాడు. ఎదుటాయన ఊరుకోలేదు. "ఆగవయ్యా, రెండో పాదం దగ్గర స్థానం అలా దిగడు, అక్కడ గొంతు సన్నబరుస్తాడు" అని తను పాడి చూపించాడు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా తీర్పరులే. ఈ జనం ముందు పాడి మెప్పించాలంటే నటుడికి ఎంత సాధన ఉండాలో మీకు రైల్లోనే అర్థమవుతుంది.

తెనాలిలో దిగేసరికి దీపాలు పెట్టేశారు. పొద్దున్నించీ జట్కా మీద డప్పు వాయిస్తూ పంచిన రంగుకాగితాల కరపత్రాలు బజారంతా కాళ్ళకింద నలుగుతున్నాయి. ఒకటి తీసి లాంతరు వెలుగులో చదవండి. శ్రీకృష్ణ తులాభారం. కృష్ణుడెవరో, నారదుడెవరో చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒక్కటే: సత్యభామ, స్థానం నరసింహారావు.

హాల్లో ముందు కుర్చీలు, ఆ వెనక బెంచీలు, ఆ వెనక నేల. ఆడవాళ్ళకు ఓ పక్కన వేరే చోటు. అత్త అటు వెళ్ళిపోయింది. బాబాయి మీ భుజం పట్టుకుని మూడో బెంచీలోకి నెట్టాడు. పెట్రోమాక్స్ లైట్లు బుస్సుమంటున్నాయి. వేదిక పక్కన హార్మోనియం మాస్టారు కాళ్ళతో బెల్లోసు తొక్కుతూ శృతి పట్టాడు. తెర వెనక నటులంతా ఒక్క గొంతుగా ప్రార్థన ఎత్తుకున్నారు. నేల జనం గొణుగుడు ఆగింది.

తెర లేచింది. నారదుడు వచ్చాడు, పద్యాలు పాడాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇదంతా బాగానే ఉంది గానీ జనం కళ్ళు వేదిక కుడిపక్కనే ఉన్నాయి. ఆడవాళ్ళ వైపునుంచి ముందు ఒక ఊపిరి చప్పుడు వినిపించింది. భామ వచ్చింది.

మూడో బెంచీ నుంచి అన్నీ కనిపిస్తాయి. అర్దళం పూసిన ముఖం, పాపిటబిళ్ళ, మోచేతి పైన వంకీ, వీపు మీద బారెడు సవరం, సవరం చివర జడగంటలు. గొంతు ముడి కనపడకుండా మెడను పట్టి ఉన్న కంటె. మణికట్టు ఆడదాని మణికట్టు కాదు. కాస్త వెడల్పు. దానిమీద గాజులు సర్దుకునే తీరు మాత్రం ఆడదానిదే. మగవాడని మీకు తెలుసు. బాపట్ల మనిషని, ముప్పై దాటినవాడని, పొద్దున పంచె కట్టుకుని ఈ తెనాలి బజార్లోనే తిరిగి ఉంటాడని తెలుసు. భామ నాలుగడుగులు వేసి చెలికత్తె వైపు ఓరగా చూసేటప్పటికి ఆ తెలిసినదంతా ఎటు పోయిందో పోయింది.

ఇప్పుడు పాట. "మీరజాలగలడా". నాటకం ముత్తరాజు సుబ్బారావు రాసినది, ఈ పాట మాత్రం స్థానం తనకోసం తానే రాసుకున్నది. మాటలు పట్టుమని పది పంక్తులు ఉండవు. కృష్ణుడు నా మాట దాటి పోగలడా అని భామకు ధీమా, అంతే దాని సారం. చిన్న పాటను ఆయన ఎంతసేపు పాడతాడో వాచీ ఉన్నవాడెవడూ చూసుకోడు.

మొదటిసారి పల్లవి చెలికత్తెతో అన్నది. నవ్వుతూ, ఇదేమంత పెద్ద సంగతి అన్నట్టు. రెండోసారి అదే పల్లవి తనతో తను అనుకున్నది, చూపు చేతి ఉంగరం మీద ఉంది. మూడోసారి జడ ముందుకు తీసుకుంది. వేళ్ళు గంటల దాకా దిగి ఆగిపోయాయి. రుక్మిణి గుర్తొచ్చినట్టుంది. అదే మాట, అదే స్వరం, కానీ ఇప్పుడది ప్రశ్నలా వినిపించింది. నాలుగోసారి ఆ అనుమానం మీదే కోపం. జడ వెనక్కి విసిరింది. గంటలు గలగలమన్నాయి.

"వన్స్‌మోర్!"

నేల లేచి నిలబడింది. హార్మోనియం మాస్టారు ముందే సిద్ధంగా ఉన్నాడు. మళ్ళీ పల్లవి వచ్చింది. వచ్చిన పల్లవి ఇందాకటిది కాదు. ఈసారి భామ మొదటినుంచీ అలిగి ఉంది. మీ పక్కనున్న ముసలాయన, "చూశావా, ఒకసారి చేసింది మళ్ళీ చెయ్యడు" అన్నాడు. ఆయన చేతులు జోడించి ఉన్నాయి.

నాటకం తెల్లవారుజాము దాకా సాగుతుంది. నారదుడి మాయలో పడి భామ మొగుణ్ణి దానం ఇస్తుంది, తిరిగి తెచ్చుకోడానికి ఇంట్లో బంగారమంతా త్రాసులో వేస్తుంది, త్రాసు కదలదు. రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తే తూగుతుంది. కథ పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన కథలో ఓడిపోయిన భామ ముఖం చూడడానికి ఇంతమంది ఇంత రాత్రివేళ నిద్ర మానుకుని కూర్చున్నారు. గర్వం ఉన్నంతసేపు తలెత్తి ఉన్న మెడ త్రాసు కదలనప్పుడు కొంచెం కొంచెంగా దిగుతుంది. ఆ దిగడానికి ఆయన తీసుకునే సమయం చూడండి. అక్కడ ఒక్క మాట ఉండదు. ఆడవాళ్ళ పక్కనుంచి ముక్కులు ఎగబీల్చే చప్పుడు వినిపిస్తోంది, అందులో మీ అత్తది కూడా ఉంది.

ఈ మనిషి ఇక్కడికి ఎలా వచ్చాడో చెప్పాలి. 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో, అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే చంద్రమతి వేషగాడు రాలేదు. కరపత్రాలు పంచేశాక, జనం వచ్చి కూర్చున్నాక వేషగాడు రాకపోతే సమాజం పరువు ఏమవుతుందో ఊహించుకోండి. నరసింహారావు చీర కట్టుకున్నాడు. ఆ తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరాడు. అక్కణ్ణుంచి ఆయన నట్టింట్లోకి తెచ్చిన స్త్రీలను చూడండి: చంద్రమతి, చిత్రాంగి, రోషనార, అనసూయ, శకుంతల, ద్రౌపది, దేవదేవి, చింతామణి, మధురవాణి. ఒకరి నడక ఒకరికి లేదు. మధురవాణి మాటలో ఉన్న చురుకు భామ మాటలో ఉండదు, భామ నిక్కు చంద్రమతికి తెలియదు. ఆడవేషం కట్టడం అప్పట్లో చాలామందికి వచ్చు. ఆడవాళ్ళు ఒక్కలా ఉండరని తెలిసి వేషం కట్టడం మాత్రం చాలామందికి రాలేదు. ఆయన గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది.

అయితే ఒక సంగతి దగ్గర నేను ముందుకు కదలలేను. దేవదేవి, చింతామణి, మధురవాణి. స్థానానికి పేరు తెచ్చిన ఈ ముగ్గురూ భోగం స్త్రీలే. అదే రోజుల్లో కృష్ణా, గోదావరి, గుంటూరు సీమల్లో కళావంతుల ఇళ్ళల్లో పదం, జావళి, అభినయం తరతరాలుగా నేర్చిన ఆడవాళ్ళున్నారు. కందుకూరి వీరేశలింగం కాలం నుంచీ భోగం మేళాల మీద ఉద్యమం సాగింది. 1947లో మద్రాసు ప్రభుత్వం గుళ్ళకు దేవదాసీలను సమర్పించడాన్ని చట్టంతో నిషేధించింది. పసిపిల్లల్ని గుడికి కట్టిపెట్టే అన్యాయం ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ స్త్రీల చేతిలో ఉన్న విద్యను ఏ వేదిక మీదికి పిలవాలో ఎవరూ ఆలోచించలేదు. మధురవాణి వేషానికి మగవాడికి చప్పట్లు పడుతుంటే, నిజంగా ఆ పాట వచ్చిన మనిషి తలుపు చాటున ఉండిపోయింది. సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివరినుంచే వేషాలు కట్టారు. మిగతా సమాజాలకు ఆ ధైర్యం రావడానికి చాలా కాలం పట్టింది.

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. షేక్స్‌పియర్ తన జూలియెట్‌ను, లేడీ మాక్‌బెత్‌ను కుర్రాళ్ళ కోసమే రాశాడు. ఇంగ్లండు వేదికల మీద ఆడవాళ్ళు నిలదొక్కుకున్నది 1660 తర్వాతే. ఆ తర్వాత నూరేళ్ళు తిరక్కుండా వేల్స్‌లోని బ్రెకన్ అనే చిన్న ఊళ్ళో, ఊరూరా తిరిగే నాటకాలవాళ్ళ కుటుంబంలో, 1755లో సారా సిడన్స్ పుట్టింది. లేడీ మాక్‌బెత్‌గా ఆవిణ్ణి చూసినవాళ్ళు ఆ పేరును వేరే ముఖంతో ఊహించుకోలేకపోయారు. ఆవిడ హామ్లెట్ వేషం కూడా కట్టింది. చిన్న ఊరు, సంచార నాటకం, ఒక మనిషి. ఈ లెక్క బ్రెకన్‌లో కుదిరినట్టే బాపట్లలోనూ కుదిరింది. మహారాష్ట్రంలో బాలగంధర్వ, చైనాలో మెయ్ లాన్‌ఫాంగ్ ఇదే కాలంలో ఆడవేషాలతో దేశాలను ఊపుతున్నారు.

తెల్లారింది. తిరుగు రైల్లో అందరికీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎవరికీ నిద్ర రావడం లేదు.

"ఆ చీరకట్టు చూశావా వదినా" అంటోంది అత్త పక్కావిడతో. "కుచ్చిళ్ళు అంత సన్నగా పెట్టి, పైట అంత జారుగా వేసి, ఒక్కసారి కూడా సర్దుకోలేదు. మనం రోజూ కట్టుకుంటాం, ఏం లాభం?"

స్థానం చీరకట్టు చూడడానికే వచ్చే ఆడవాళ్ళు ఉండేవారని తెనాలి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇంటికి చేరాక అత్త గది తలుపు వేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చూస్తే కుచ్చిళ్ళు సన్నగా ఉన్నాయి.

పదిహేనేళ్ళు ముందుకు రండి. దుగ్గిరాల, 1940ల చివరికాలం. పసుపు రోజులు. కొమ్ములు ఉడికిన ఘాటు వాసన ఊరిమీద మేఘంలా కమ్మి ఉంది. కళ్ళాల్లో ఆరబోసిన పసుపు, యార్డు ముందు బండ్లు, పసుపు దుమ్ము పట్టిన హమాలీల భుజాలు. ఇక్కడి పసుపు వ్యాపారం కోసమే నిప్పాణి శ్రీనివాసరావు కుటుంబంతో హంపి వైపునుంచి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన మాధ్వ బ్రాహ్మణుడు, భార్య కౌసల్యాదేవి వైశ్య కుటుంబంలో పుట్టింది. కులం దాటి పెళ్ళి చేసుకున్న ఇల్లు. మీరు ఆ ఇంటి అరుగు మీద ఆగితే లోపల హార్మోనియం మీద ఒక చిన్నపిల్ల సరళీస్వరాలు వాయిస్తూ వినిపిస్తుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు జానాబాయి. నది పేరు కలపాలని జ్యోతిష్కులు చెబితే జమున అయింది. 1936లో హంపిలో పుట్టింది.

ఈ ఇంటికి నాటకాలవాళ్ళ రాకపోకలున్నాయి. చిర్రావూరు పిల్ల సావిత్రి దుగ్గిరాలలో నాటకం వేయడానికి వచ్చినప్పుడు బస ఇక్కడే. ఆ రోజు ఆ ఇంట్లో కూర్చుని ఆ ఇద్దర్నీ చూసినవాళ్ళెవరికైనా, ఆరేడేళ్ళు తిరిగేసరికి వీళ్ళిద్దరూ "మిస్సమ్మ"లో ఒకే తెరమీద ఉంటారని తట్టి ఉండదు. ఆ సినిమా తీసిన ఇద్దరిలో ఒకరైన చక్రపాణి కూడా తెనాలివాడే. పది పన్నెండు మైళ్ళలోనే ఇంత మంది!

దుగ్గిరాల బడిలో ఒక మాస్టారు ఉన్నాడు. కొంగర జగ్గయ్య. ఊరు పక్కనే మోరంపూడి. ఆ గొంతు వినండి. ఎత్తు లేకుండానే వెనక బెంచీ దాకా వెళ్తుంది. ప్రతి అక్షరం ఒడ్డుకు చేరుతుంది, ఒత్తులు ఎక్కడా మునగవు. చిన్నప్పుడే, హిందీలో ద్విజేంద్రలాల్ రాయ్ "సీత" వేస్తే లవుడి వేషం కట్టినవాడు. తెనాలి దగ్గర మండూరులో "ఖిల్జీ రాజ్య పతనం" వేస్తూ, అందులోకి జమునను కావాలని అడిగి తీసుకువెళ్ళాడు.

ఆ మండూరు రాత్రి ముందు వరసలో కూర్చోండి. పన్నెండు పదమూడేళ్ళ పిల్ల వేదిక మీదికి వచ్చింది. స్థానం నాటకంలో ఆడవాళ్ళ వైపునుంచి వినిపించిన ఊపిరి చప్పుడు ఇక్కడా వినిపించింది, కారణం మాత్రం వేరు. సవరం లేదు, గొంతు ముడి దాచే కంటె లేదు. ఆడపిల్ల గొంతే ఆడపిల్ల మాట అంటోంది. మీ వెనక ఒక తల్లి కూతురి తలమీద చెయ్యి వేసి ఉంచింది. ఆవిడ ఏమనుకుంటోందో తెలీదు. పిల్ల మాత్రం వేదికను కళ్ళతో తాగేస్తోంది.

ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. 1943 తర్వాత ప్రజానాట్యమండలి బుర్రకథలు, నాటకాలు పట్టుకుని ఊళ్ళు తిరిగింది, ఆడవాళ్ళను వెంట తీసుకువెళ్ళింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన "మా భూమి" వేయని జిల్లా లేదు. జమున అందులో వేషం కట్టింది. అది చూసిన డాక్టర్ గరికపాటి రాజారావు తన సినిమా "పుట్టిల్లు"లోకి తీసుకున్నాడు. 1953లో ఆ సినిమా వచ్చింది.

అదే సమయానికి జగ్గయ్య గొంతు ఢిల్లీ చేరి రేడియోలో తెలుగు వార్తలు చదివి, అక్కణ్ణుంచి మద్రాసుకు దిగింది. ఊళ్ళల్లో రేడియో ముందు గుమిగూడిన జనానికి ఆ మనిషి ముఖం తెలియకముందే గొంతు తెలుసు.

ఇక 1966. సురేష్ ప్రొడక్షన్స్ "శ్రీకృష్ణ తులాభారం". డేరా టాకీసులో రెండో ఆట. మీకు ఇప్పుడు నలభై దాటింది. అత్తకు కీళ్ళనొప్పులు, నేలమీద కూర్చోలేదు, ఆవిడ కోసం కుర్చీ టిక్కెట్టు కొన్నారు. రామారావు కృష్ణుడు, అంజలీదేవి రుక్మిణి, కాంతారావు నారదుడు. సత్యభామ జమున. 1957లో "వినాయక చవితి"లో కూడా భామ ఆవిడే. కానీ ఈ సినిమాలో ఒక ప్రత్యేకం ఉంది. పెండ్యాల వాద్యాలు మొదలవగానే అత్త మీ మోచేయి పట్టుకుంది.

అదే పాట. స్థానం నరసింహారావు తనకోసం రాసుకుని, ముప్పై నలభై ఏళ్ళు తన గొంతుతోనే పాడిన పాటను సుశీల పాడుతోంది, దుగ్గిరాల పిల్ల అభినయిస్తోంది. రాసినాయన బతికే ఉన్నాడు. ఆయనకు 1956లోనే పద్మశ్రీ వచ్చింది. 1942లో ఆయనే సత్యభామగా సినిమా వచ్చింది. ఆకాశవాణిలో నాటకాలకు పనిచేశాడు, తన వేషాల గురించి "నటస్థానం" రాశాడు. ఒక మగవాడు ఆడమనసు కోసం రాసుకున్న పాట ఒక ఆడదాని ముఖం మీద ఆడుతుండగా ఆయన జీవించి ఉన్నాడు. ఈ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. వేషం ఒకరి సొత్తు కాదని, చేయగలిగినవాళ్ళ దగ్గరికి అది నడిచి వెళ్తుందని ఈ నేలమీద ఇంత దగ్గరగా చూపించిన సందర్భం ఇంకొకటి నాకు కనిపించలేదు.

జమున మెడ తిప్పింది. జడ ముందుకు వచ్చింది. ఆ కంటి కొసల్లో నవ్వు.

"ఎవరు బావున్నారత్తా?" అని చెవిలో అడిగారు మీరు.

"అదేం ప్రశ్నరా" అంది అత్త తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "ఆయన అలిగితే మనకి భయమేసేది. ఈ పిల్ల అలిగితే వెళ్ళి బతిమాలుకోవాలనిపిస్తోంది. పోనీ, మాట్లాడకు, పాట పోతుంది."

మరుసటి ఏడాది ఎన్నికలు. 1967లో ఒంగోలు నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా జగ్గయ్య లోక్‌సభకు గెలిచాడు. సినిమా నటుడిగా ఉంటూ లోక్‌సభకు ఎన్నికైన మొదటి వ్యక్తిగా ఆయన్ని చెబుతారు. మైకు ముందు ఆ గొంతుకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. సభలో నాలుగేళ్ళు ఉన్నాడు, మళ్ళీ స్టూడియోకి వచ్చాడు. 1974లో "అల్లూరి సీతారామరాజు"లో రూథర్‌ఫర్డ్‌గా తెల్లదొర వేషంలోనూ తెలుగు ఉచ్చారణను నిలబెట్టాడు. టాగూరు గీతాంజలిని "రవీంద్ర గీత"గా తెలుగులోకి తెచ్చాడు. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆ పదవి, ఆ బిరుదు కన్నా మండూరు నాటకానికి ఒక ఆడపిల్లను వెతికి తీసుకువెళ్ళిన పని పెద్దదని నేననుకుంటాను. ఆ రోజుల్లో అలా అడగడానికీ ధైర్యం కావాలి, పంపడానికీ ధైర్యం కావాలి.

స్థానం 1971లో పోయాడు. జమున 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచింది. తర్వాత రంగస్థల వృత్తి కళాకారుల కోసం సంఘం పెట్టి పనిచేసింది. తెర వచ్చాక తిండికి ఇబ్బంది పడ్డ హార్మోనియం మాస్టార్లను, వయసు మళ్ళిన వేషగాళ్ళను ఆవిడ దగ్గరగా చూసింది కాబట్టి ఆ పని చేసింది. 2023 జనవరిలో ఆవిడా వెళ్ళిపోయింది.

ఇప్పుడు చైత్రం, శ్రీరామనవమి పందిరి. మీరు పిట్టలవానిపాలెంలోనే ఉన్నారు. 2022 నుంచి ఊరు బాపట్ల జిల్లాలోది. పందిరి చుట్టూ బైకులు, ఐస్‌క్రీం బండి, పీచుమిఠాయి. తెనాలి నుంచి ఆటోలో ఒక నటి దిగింది. చేతిలో రెక్సిన్ బ్యాగు, ఒక భుజాన నగల పెట్టె. పందిరి వెనక గుడ్డ కట్టిన చోట కుర్చీలో కూర్చుని తనే ముఖానికి రంగు వేసుకుంటోంది. పక్కన కూతురు సెల్‌ఫోన్ లైటు పట్టింది. బ్యాగులోంచి సవరం తీసి దులిపి, తన జడకే కలిపి అల్లుకుంటోంది. ఆమె ఈ సీజన్లో రాత్రికొక ఊళ్ళో భామ.

హార్మోనియం పక్కన కీబోర్డు కూడా ఉంది. మైకులో చదివింపులు వినిపిస్తున్నాయి. ఫలానా వారు నూటపదహార్లు, ఫలానా వారు ఐదువందల పదహార్లు. పాట వచ్చింది. ముందు వరసలో కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తారు. ఆమె మొదటి పల్లవి చెలికత్తెతో అంది, రెండోది ఫోన్లవైపు చూసి అంది. పిల్లలు నవ్వారు. మూడోసారి జడగంటల దగ్గర వేళ్ళు ఆగాయి. వెనకనుంచి ఒక ముసలాయన గొంతు "వన్స్‌మోర్" అంది, దానికి పది గొంతులు కలిశాయి.

సీను అయ్యాక నిర్వాహకుడు గుడ్డ చాటుకు వెళ్ళాడు.

"అమ్మా, జనం కదలట్లేదు. ఈ సీను ఇంకాస్త పెంచుతారా?"

"పెంచుతానండీ, దానికేం. మాస్టారికి శృతి అర తగ్గించమని చెప్పండి. రేపు రేపల్లె, ఎల్లుండి చీరాల. గొంతు మిగలాలిగా."

మంచినీళ్ళ సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, పైట సర్దుకుని, ఆమె మళ్ళీ వేదిక ఎక్కింది.